సంతకమునకు ముందు

కరీంనగరము నుండి రామగుండము వైపు పోవు రాజీవ్ రహదారిపై, వరికోతలు ముగిసిన దినములలో ప్రయాణము చేయువారికి సుల్తానాబాదు సమీపించుచున్నదని తెలుపుటకు మైలురాయి అక్కరలేదు. రోడ్డు వారగా ఆరబోసిన వడ్లును, వానికి కాపుగా టార్పాలిన్ల చెంత కూర్చున్న రైతులును, మిల్లుల వాకిళ్లలో బారులు తీరి నిలిచిన లారీలును ఆ సంగతిని ముందుగనే చెప్పును. పూర్వము కరీంనగరు జిల్లాలో తాలూకా కేంద్రమై, 2016లో ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలో నేడు మండల కేంద్రమైన యీ పట్టణమునకు బియ్యపు మిల్లులు ముఖ్యమైన బ్రతుకుదెరువు. బీహారు నుండి వచ్చిన హమాలీ మొదలుకొని, బి.కాం. చదివి, టాలీ నేర్చుకొని, ఇంటికి దగ్గరలోనే కొలువు దొరికినదని సంతోషించు యువకుని వరకు ఎందరో వానినే నమ్ముకొని యున్నారు. ఈ అధ్యాయము ప్రధానముగా ఆ యువకుని కొరకును, అతనివలెనే సహకార సంఘమునందో, వడ్ల కొనుగోలు కేంద్రమునందో, బ్యాంకునందో, మండల కార్యాలయమునందో కాగితముపై సంతకము చేయు పనిలో ఉన్న ప్రతివాని కొరకును వ్రాయబడినది.

ఉద్యోగధర్మమును గూర్చి దూరదేశములలో వ్రాయబడి మన పుస్తకాల దుకాణములకు చేరు గ్రంథములను చదివినప్పుడు, ధర్మసంకటము అనునది ఏదో ఒక మహాసభలో, కోట్ల రూపాయల ఒప్పందము నడుమ, గంభీరమైన ముఖముతో మన యెదుట నిలుచునని తోచును. నాకు ఆ గ్రంథములపై పెద్ద విశ్వాసము లేదు. మన యనుభవములో అది పనివేళ ముగియు సమయమునకు, ఒక అంకెను మార్చుమని యడుగు చిన్న కోరికగా, అదియును మన యెడల వాత్సల్యము గల పెద్దమనిషి నోటి నుండి వచ్చును. అది సంకటమని గుర్తించుట యందే సగము కష్టము కలదు. ఏలయన, దానిని కోరువాడు దుర్మార్గునివలె కనబడడు, కోరబడిన పని నేరమువలె వినబడదు.

కొనుగోలు కేంద్రమునే తీసికొందము. వడ్లలో తేమ 17 శాతమునకు మించరాదని నియమము. యంత్రముతో తేమ చూచి, తూర్పార పట్టించి, సంచి బరువు పోగా 40 కిలోలు వచ్చునట్లు కాంటా వేసి, ట్రక్ షీట్ వ్రాసి లారీని మిల్లునకు పంపుట కేంద్రము నడుపువాని పని. లారీ మిల్లు చేరిన పిదప అచ్చటివారు రెండు సంచులు విప్పి, గుప్పెడు గింజలు అరచేతిలో పోసికొని ఊది, తాలు ఎక్కువగా నున్నదనియు, సంచికి రెండు కిలోలు తరుగు ఒప్పుకొన్ననే దించుకొందుమనియు చెప్పుదురు. 2024-25లో ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. అనగా రెండు కిలోల తరుగు సంచికి 46 రూపాయల 40 పైసలు. వినుటకు ఇది స్వల్పము. నాలుగెకరముల రైతు 200 సంచులు తూచినచో 9,280 రూపాయలు. అతని కోతమిషను కిరాయిలో పెద్దభాగము దీనితోనే తీరిపోవును.

ఇక్కడ కేంద్రము నడుపువానికి కలుగు సంకటము మిల్లువాని వలన కలుగునది కాదు. రైతు వలననే కలుగును. రెండు దినములుగా లారీ కదలలేదు, ఖాళీ లారీ రానిదే వెనుకనున్న కుప్పలు తరలవు, పడమట మబ్బు కమ్ముచున్నది. అప్పుడు నష్టపోవు రైతే చేతులు జోడించి, "మొగులైతాంది సారూ, రెండు కిలోలు పోతే పోయినయ్, లారీ కదలనీయుండ్రి" అని ప్రాధేయపడును. నష్టపడువాడే సమ్మతించినప్పుడు తప్పెక్కడిది? కనికరముతో ఆ తరుగును వ్రాసినవాడు దోషి యెట్లగును? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయు నీతివాదులు వానకు ముందు కల్లములో నిలిచి యెరుగనివారు.

అయినను నా యభిప్రాయము స్పష్టముగనే కలదు. వానమబ్బునకు భయపడి యిచ్చిన సమ్మతి సమ్మతి కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము సైతము, ఒకని అక్కరను మరియొకడు తన ఆధిక్యమునకు సాధనముగా చేసికొని పొందిన అంగీకారమును స్వేచ్ఛాంగీకారముగా ఎంచదు. కాని ఆ మాట చెప్పినంత మాత్రమున లారీ కదలదు గదా! అందుచేత కేంద్రము నడుపువాడు చేయవలసినది వేరు. తన కాంటాలో వచ్చిన తూకమును వచ్చినట్లే వ్రాయవలెను. మిల్లువారు తాలు ఉన్నదన్నచో ఆ యభ్యంతరమును ట్రక్ షీట్ మీదనే, వారి చేతనే, వారి సంతకముతో వ్రాయుమనవలెను. వ్యవసాయ విస్తరణాధికారిని పిలిపించి, ఉభయుల యెదుట నమూనా తీయించి, తేమయు తాలును ఎంత శాతమో తేల్పించవలెను. తహసీల్దారునకును, పౌరసరఫరాల సంస్థ జిల్లా అధికారికిని ఫోను చేసి, చెప్పిన మాటనే మరల సందేశముగా పంపి, సమయము వేసికొనవలెను. నిజముగా తాలు ఉన్నచో తరుగు న్యాయమే. దానికి రసీదు ఉండును. లేనిచో, తన మాటను తన చేతితో వ్రాయుమన్న క్షణముననే మిల్లువాని పట్టుదల సడలును. నూటికి నూరుపాళ్లు సడలునని నేను చెప్పను గాని, తరచుగా సడలును. రసీదు లేని తరుగే దోషము. రైతు మీది దయ తన చేతిలోని కాగితమును అబద్ధము చేయుటకు అనుజ్ఞ కాదు.

ఈ యుదాహరణమును ఇంత దీర్ఘముగ విచారించుటకు కారణము కలదు. చట్టవిరుద్ధమైన పని, చట్టమునకు లోబడియు అధర్మమైన పని, కేవలము మనకు రుచింపని పని అను మూడింటిని మనము తరచు కలగాపులగము చేయుదుము. యజమాని తన కుమారునికి మనకంటె పెద్ద కుర్చీ యిచ్చెననుకొందము. అది రుచింపనిదే గాని, దానిపై ధర్మయుద్ధము ప్రకటించుట హాస్యాస్పదము. వృద్ధురాలైన ఖాతాదారుకు ఆమె అక్కరకు మించిన బీమా పాలసీ అంటగట్టుమని బ్యాంకు ఒత్తిడి చేసినచో, పత్రములన్నియు సక్రమముగనే ఉండవచ్చును. అది రెండవ తరగతి, ఇచ్చట వాదించుటకును, ఒప్పించుటకును, మధ్యేమార్గము వెదకుటకును చోటు కలదు. లేని సరకును ఉన్నట్లు వ్రాయుమనుట మొదటి తరగతి. ఇచ్చట మధ్యేమార్గము లేదు. కాని సంకటములో చిక్కిన సమయమున తన యెదుటనున్నది ఏ తరగతియో ఆ మనుష్యునికి తెలియదు. దానిని తేల్చుటకు నాకు తెలిసిన సాధనము ఒక్కటియే: ఆ యాదేశమును కాగితముపై అడుగుట. పై అధికారి సంకోచింపక వ్రాసి యిచ్చినచో, బహుశః అది వివాదాస్పదమే గాని దుష్టము కాదు. కలము పట్టుటకు వెనుదీసినచో, దాని స్వభావము ఆయనకే తెలిసియున్నదన్నమాట.

ఇప్పుడు మిల్లు లోపలి గుమాస్తాను చూతము. ప్రభుత్వము అప్పగించిన వడ్లను మరపట్టి, క్వింటాలుకు పచ్చిబియ్యమైనచో 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైనచో 68 కిలోలు తిరిగి యిచ్చుట కస్టమ్ మిల్లింగు ఒప్పందము. వడ్లు ప్రభుత్వమువి, మిల్లు వానికి ధర్మకర్త మాత్రమే. ఈ ధర్మకర్తృత్వమును శ్రద్ధగా నెరవేర్చు మిల్లులు లేకపోలేదు. కాని కొన్నిచోట్ల ఆ వడ్లు బయట అమ్ముడుపోవుటయు, గడువు దగ్గరపడగా చౌకగా దొరికిన రేషను బియ్యమునే సంచులు మార్చి అప్పగించుటయు, తనిఖీ వచ్చుచున్నదని తెలిసిన రాత్రి స్టాకు రిజిస్టరు కొత్తగా పుట్టుటయు తెలంగాణలో అందరెరిగిన కథలే. ఆ రాత్రి సేటు కుర్చీ దగ్గరకు జరిపికొని, "నువ్వు రాయి బిడ్డా, ఏదన్నొస్తె నేన్ జూస్కుంట" అనును. ఆయన ఆ మాటను మోసబుద్ధితో అనుచున్నాడని నేననను. నిజముగనే చూచుకొందునని ఆయన నమ్మకము. ఐతే చట్టము ఆయనను చూచుకొననిచ్చునా యనునది ప్రశ్న.

లెక్కలను తారుమారు చేయుటకు పాత శిక్షాస్మృతిలో 477-ఎ, 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 344వ సెక్షను శిక్ష విధించుచున్నవి. ఏడేండ్ల వరకు కారాగారము. ఆ సెక్షను పాఠమును ఒకమారు చదివి చూడుడు. అది యజమానితో మొదలు కాదు; గుమాస్తా, అధికారి, సేవకుడు అని మొదలగును. అనగా ఆ శాసనము వ్రాసినవారి కన్నులకు తొలుత కనబడినవాడు కలము పట్టినవాడే. యజమాని ప్రేరేపకుడుగా, కుట్రదారుగా తరువాత వచ్చి చేరవచ్చును గాని, రిజిస్టరుపై నున్న చేవ్రాలు ఆయనది కాదు. యజమాని చెప్పినాడు గనుక వ్రాసితిని అను సమాధానము ఆ సెక్షను నుండి తప్పించుకొనుటకు దారి కాదు. కావుననే ఇంతకుముందు చెప్పిన సాధనమునకు ఒక హద్దు కలదు: సందిగ్ధమైన పనికి వ్రాతపూర్వకాదేశము రక్షణ, స్పష్టమైన నేరమునకు సేటు బాండు కాగితము మీద వ్రాసియిచ్చినను రక్షణ కాదు.

దీనికి మన తెలుగు నేలపై సత్యము కంప్యూటర్సు ఉదంతమును మించిన సాక్ష్యము లేదు. 2009 జనవరి 7న సంస్థ అధ్యక్షుడు బి. రామలింగరాజు తన బోర్డునకు లేఖ వ్రాసి, ఖాతా పుస్తకములలో చూపబడిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనివని ఒప్పుకొన్నప్పుడు హైదరాబాదే కాదు, తమ పిల్లలు అందులో పనిచేయుచున్నారని చెప్పుకొని గర్వించు కుటుంబములు గల ప్రతి తెలుగు పట్టణము దిగ్భ్రమ చెందినది. అందరు ఆయన పేరునే జ్ఞాపకము పెట్టుకొన్నారు. కాని 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము దోషులుగా నిర్ణయించి, ఏడేండ్ల శిక్ష విధించినవారు పదిమంది. వారిలో యజమానియు, ఆయన సోదరులును, ఆర్థిక విభాగపు అధిపతియు మాత్రమే గాక, బయటి నుండి వచ్చి ఖాతాలు సరియైనవని సంతకము చేసిన ఆడిటర్లును, లోపలి ఆడిట్ చూచిన అధికారియు, ఆర్థిక విభాగములో పనిచేసిన ఉద్యోగులును కలరు. పిమ్మట అప్పీలుపై శిక్షను నిలుపుదల చేసినను, ఆరేండ్ల విచారణ కాలములో ఆ ఉద్యోగులు నిలిచినది యజమాని నిలిచిన బోనులోనే. కంపెనీ లాభములో వారికి వచ్చిన వాటా యజమానికి వచ్చినంత యని ఎవ్వరును అనజాలరు. బోనులో మాత్రము సమానత్వము లభించినది.

ఆడిటర్ల సంగతి మరియొక పాఠము. నకిలీ ఇన్వాయిసులు వేల సంఖ్యలో పుట్టినవి, లేని ఫిక్సెడ్ డిపాజిట్లకు రసీదులు పుట్టినవి. బ్యాంకులకు స్వయముగా వ్రాసి, బ్యాంకుల నుండి స్వయముగా జవాబు తెచ్చుకొని పోల్చినచో చాలా ముందుగనే బయటపడవలసిన సంగతి అది. ఎవనిని పరీక్షింపవలెనో వాడే తెచ్చి యిచ్చిన కాగితమును చూచి తృప్తి చెందుట మన కార్యాలయములలో మర్యాదగా చెలామణి యగుచున్నది. "సారు ఇచ్చిన కాగితాన్ని అనుమానిస్తమా?" అందురు. అనుమానింపనక్కరలేదు, సరిచూచిన చాలును. గోదాములో సంచులు లెక్కింపకయే ఉన్నవని సంతకము చేయు తనిఖీదారు ఆ మర్యాదకే బలియగును.

నోటిమాటగా వచ్చు ఆదేశము సంగతికి మరల వచ్చెదను. మన కార్యాలయములు నడచునది దానిపైననే గదా. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తన నియమావళి, పై అధికారి ఆదేశము సాధారణముగా వ్రాతలో ఉండవలెననియు, తప్పనిసరియై నోటితో చెప్పినచో వెంటనే వ్రాతలో ధ్రువపరచవలెననియు, క్రింది ఉద్యోగి దానిని అడిగి తెచ్చుకొనవలెననియు శాసించుచున్నది. అనగా అడుగుట ధిక్కారము కాదు, విధి. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ ప్రభృతులు వేసిన వ్యాజ్యములో 2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు సైతము, అధికారులు నోటిమాటల మీద పనిచేయరాదనియు, అట్టివానిని నమోదు చేయవలెననియు తీర్పు చెప్పినది. ప్రైవేటు మిల్లులో గుమాస్తాకు ఈ నియమావళి వర్తింపదు. కాని పద్ధతిని అరువు తెచ్చుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

అడుగు తీరు ముఖ్యము. మన ప్రాంతములో యజమాని కేవలము యజమాని కాడు. పెండ్లికి చేబదులిచ్చినవాడు, తండ్రి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కారు పంపినవాడు, వరుస కలిపి పిలువదగినవాడు. అట్టివాని యెదుట చట్టము సెక్షన్లు వల్లించినచో పని చెడును, సంబంధమును చెడును. ఆయనను నేరస్థునిగా నిలబెట్టక, అంకెను మాత్రమే నిలబెట్టి మాట్లాడవలెను. "సేటూ, మీ మాట కాదంటలేను. గోదాముల ఉన్నదే రాస్త. ఎందుకు తక్కువున్నదో మీరు ఒక చిట్టీ మీద రాసియ్యుండ్రి, దాన్ని రిజిస్టర్ల వెడ్త" అనుటలో గౌరవమునకు లోటు లేదు, లొంగుబాటును లేదు. ఇంకను ఒత్తిడి వచ్చినచో, ఆ సాయంకాలమే, "మీరు ఈ దినము ఫలానా విషయము వ్రాయుమని చెప్పినారు, ఉన్న నిల్వ ఇంత గనుక అంతే వ్రాసితిని" అని రెండు పంక్తుల సందేశము పంపవలెను. జవాబు రాకపోవచ్చును. సందేశము మాత్రము తారీఖుతో సహా నిలిచియుండును.

ఈ సందర్భములోనే ఆవేశపరులు చేయు కొన్ని పనులను వారింపవలసియున్నది. యజమాని కంప్యూటరులోని ఖాతాలన్నిటిని రాత్రికి రాత్రి పెన్ డ్రైవులో ఎక్కించుకొని పోవుట, తనకు సంబంధము లేని ఫైళ్లను ఫోనులో ఫోటోలు తీయుట, ఊరి వాట్సాప్ గుంపులో పేర్లు పెట్టి వ్రాయుట, ఇవి ఫిర్యాదుదారునే నిందితునిగా మార్చును. మీ చేతి మీదుగా నడచిన పనికి మీరు వ్రాసికొన్న దినచర్య మీది, అది చాలును. ఏ దినము, ఎవరు, ఎవరి యెదుట, ఏమన్నారు అనునది ఆనాడే వ్రాసికొన్న నాలుగు పంక్తులు, ఏడాది తరువాత జ్ఞాపకముపై చెప్పు నలువది పుటలకంటె విలువైనవి. చెప్పకుండ కొలువు మానివేయుటయు పరిష్కారము కాదు. రాజీనామా నాటికి పూర్వము మీరు చేసిన సంతకములు మీతో కూడ రాజీనామా చేయవు.

ధైర్యము చెప్పుట సులభము. కాని నిజము దాచిపెట్టి ధైర్యము చెప్పుట పాఠకునికి ద్రోహము. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరైన సత్యేంద్ర దూబే, రహదారి పనులలోని అక్రమములను గూర్చి ప్రధానమంత్రి కార్యాలయమునకు వ్రాసి, తన పేరు గోప్యముగా ఉంచుమని కోరెను. ఆ గోప్యత నిలువలేదు. 2003 నవంబరు 27న గయలో అతడు హత్యకు గురియయ్యెను. దేశమంతయు కలతచెందిన పిదప 2004లో కేంద్ర విజిలెన్సు కమిషనుకు ఇట్టి ఫిర్యాదులు స్వీకరించు బాధ్యత అప్పగింపబడినది. పార్లమెంటు చేసిన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టమునకు 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదము లభించినను, అది ఇంతవరకు అమలులోనికి తీసికొని రాబడలేదు. పదేండ్లకు పైగా ఒక రక్షణ చట్టమును గెజెట్టులో నిద్రపుచ్చిన ప్రభుత్వములకు, నిజము చెప్పు ఉద్యోగిని ప్రశంసించు నైతికార్హత అంతంతమాత్రమే. అందుచేత ఒంటరిగా బయలుదేరవలదు. ఇంటిలో భార్యకో భర్తకో, తల్లిదండ్రులకో ముందుగా చెప్పుడు. నెలవారీ కిస్తీలు ఎన్ని మాసములు కట్టగలరో లెక్క చూచుకొనుడు. వీలైనచో మరియొక సహోద్యోగిని తోడు చేసికొనుడు. ఇది పిరికితనము కాదు.

లంచము విషయమున ఒక్కమాట. అవినీతి నిరోధక చట్టమునకు చేసిన 2018 సవరణ తరువాత లంచము పుచ్చుకొనుట వలెనే ఇచ్చుటయు నేరమే. బలవంతముపై ఇచ్చినవాడు ఏడు దినముల లోపల ఫిర్యాదు చేసినచో అతనికి మినహాయింపు కలదు. ఎనిమిదవ దినమున అది కరగిపోవును. మిల్లు తరఫున కార్యాలయమునకు కవరు మోసికొని పోవు గుమాస్తా, అది తన డబ్బు కాదు గనుక తనకు దోషము లేదనుకొనుట భ్రమ. అవినీతి నిరోధక శాఖ ఫోను 1064.

ఇక మిగిలినది న్యాయవాదిని కలియుట. మన ప్రాంతములో వకీలు దగ్గరకు పోవుట యనగా కేసు పడినదనియే ఊరివారి లెక్క. కావుననే నోటీసు వచ్చువరకు ఎవ్వరును పోరు, వచ్చిన తరువాత పోయి ప్రయోజనము సగమే. న్యాయవాదికి తన వృత్తిలో భాగముగా మీరు చెప్పిన మాటను మీ సమ్మతి లేక బయటపెట్టరాదని సాక్ష్య చట్టము శాసించుచున్నది. జరుగబోవు నేరమునకు తోడ్పడుమని చెప్పిన మాటకు మాత్రము ఆ రక్షణ లేదు. ఫీజునకు వెరచువారు తెలిసికొనవలసినది మరియొకటి కలదు: 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని, పారిశ్రామిక కార్మికులకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును; 15100 నంబరుకు ఫోను చేసినచో దారి చెప్పుదురు. సేటు వ్రాయుమన్న రాత్రికిని, తనిఖీ వచ్చు ఉదయమునకును నడుమ కొన్ని గంటలైనను ఉండును. ఆ గంటలలోనే పోయి అడుగుడు. సంతకము చేసిన తరువాత కాదు.